అంచు దగ్గరే ఆగిపోకండి



రావికమతంలోనో, కొత్తకోటలోనో, చోడవరం బస్టాండు దగ్గరో ఎవరికైనా గండికోట ఫొటో ఒకటి చూపించి, ఇది ఏ ఊరో చెప్పమనండి. ఇట్టే చెప్పేస్తారు. ఎర్రటి రాతి గోడల నడుమ పెన్నానది. పైన బండ మీద, సరిగ్గా అంచున, చేతులు చాచి నిలబడ్డ ఓ కుర్రాడు. ఈ ఫొటో మన సెల్‌ఫోన్లలో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ఇప్పుడు ఇంకో ప్రశ్న అడగండి. ఆ గండికోటలో మసీదు ఎక్కడుంది? ధాన్యాగారం ఎక్కడుంది? చెరువు ఎటువైపు? వెళ్ళి వచ్చినవాళ్ళు కూడా తడబడతారు. ఎందుకంటే కారు దిగి, నేరుగా అంచు దగ్గరకు పోయి, ఫొటో తీసుకుని, మళ్ళీ కారెక్కినవాళ్ళే ఎక్కువమంది. ఈ పూట మీతో చెప్పదలచుకున్న మాట ఒక్కటే. గండికోటలో లోయ చూస్తే సగమే చూసినట్టు. మిగతా సగం అక్కడున్న పాత ఊరు. ఆ ఊరు కాలినడకనే కనబడుతుంది. ఆ నడక పెద్ద సాహసమేమీ కాదు. మోకాళ్ళు కాస్త సహకరిస్తే అరవై ఏళ్ళవాళ్ళు కూడా తీరుబాటుగా నడవగలిగినదే.

చూడనివాళ్ళ కోసం ముందు ఆ చోటు సంగతి చెప్తాను. కడప జిల్లాలో జమ్మలమడుగు అనే పట్నం ఉంది. దానికి దగ్గర్లోనే ఎర్రమల కొండలు. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టిన పెన్న, నెల్లూరు దగ్గర సముద్రంలో కలవబోయే ముందు, ఈ ఎర్రమలలను నిలువునా కోసుకుంటూ వస్తుంది. అలా కోసిన చోట కొండ రెండు పక్కలా గోడలాగా నిలబడిపోయింది. ఆ గోడ రాయి ఒకే ముద్ద కాదు. పలకలు పలకలుగా, పొరలు పొరలుగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఎవరో తాపీగా పేర్చారేమో అనిపిస్తుంది. ఆ కొండ మీదే కోట. 12వ శతాబ్దంలో పునాది పడిందని స్థానిక చరిత్ర చెబుతుంది. తర్వాత విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు తరతరాలుగా ఈ కోటను ఏలారు. శ్రీకృష్ణదేవరాయల యుద్ధాల కథల్లో వినబడే పెమ్మసాని రామలింగ నాయుడు ఈ వంశం వాడే. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. ఆ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకే వస్తాం.

లోయ మాత్రం చూసి వచ్చేస్తే ఏం పోతుందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పోయేది ఏమిటంటే, ఆ లోయకూ ఆ ఊరికీ ఉన్న సంబంధం. ఆ కొండ మీద ఎవరైనా కోట ఎందుకు కట్టారు? అందం కోసం కాదు కదా. నది వైపు కొండే గోడ. అటునుంచి ఏ సైన్యమూ ఎక్కి రాలేదు. కాబట్టి కాపలా, బురుజులు, బలమైన ద్వారం, అన్నీ ప్రధానంగా ఇవతల వైపు పెట్టుకుంటే సరిపోతుంది. ఈ సంగతి అంచు మీద నిలబడితే తెలియదు. అంచు మీద నిలబడ్డవాడికి లోయ ఒక దృశ్యం. ద్వారం దగ్గర మొదలుపెట్టి, ఊరి మధ్యగా నడుచుకుంటూ అంచు దాకా వచ్చినవాడికి అదే లోయ ఒక రక్షణ. రెండూ ఒకే లోయ. చూసే క్రమం మారితే అర్థం మారిపోతుంది. అందుకే అంటున్నాను, అంచు ఆఖర్న చూడాలి.

ఆ క్రమంలో ఒకసారి మాటలతోనే నడుద్దాం రండి. పెద్ద ద్వారం దగ్గర ఆగండి. చెక్క తలుపులకు ఇనుప రేకులు తాపడం చేసి, వాటికి వాడి మేకులు దిగ్గొట్టారు. ఏనుగుతో తలుపు గుద్దించాలని వచ్చిన శత్రువుకు అది జవాబు. లోపలికి వస్తే ఇళ్ళు. అవును, కోట లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురాలు చేస్తున్నారు. ఊరు దాటితే ఒక అందమైన చిన్న బురుజు. పావురాల గోపురం అంటారు, కొందరు చార్మినార్ అని కూడా పిలుస్తారు. కిటికీలకు రాతిలో చెక్కిన జాలీ పని దగ్గరగా వెళ్ళి చూడవలసినదే. పక్కనే జైలు. ఇంకో వైపు మాధవరాయస్వామి గుడి, ఎర్రరాతి గోపురం. మరికొంత ముందుకు పోతే జామియా మసీదు. మసీదుకు దగ్గర్లోనే ధాన్యాగారం. ఆ చుట్టుపక్కలే కోనేరు. కాస్త మెరకన రంగనాథస్వామి గుడి. రాయల చెరువు కూడా ఈ గోడల మధ్యనే. వీటిలో ఒకదాని నుంచి ఇంకోదానికి నడక కొద్ది నిమిషాలే.

ఇప్పుడు ధాన్యాగారం దగ్గర కాసేపు ఆగుదాం. ఈ కోటలో తెలివైన కట్టడం ఏదంటే నేను గుడినీ చూపించను, మసీదునూ చూపించను, దీన్నే చూపిస్తాను. మందమైన గోడలు, కమానులా వంచి కట్టిన పైకప్పు, ఎంతో పెద్ద గది. ఇంత పెద్ద గాదె ఎందుకు? శత్రువు కోట చుట్టూ దిగాడనుకోండి. తలుపులు బద్దలుకొట్టలేడు, లోయ వైపు ఎక్కలేడు. మరి ఏం చేస్తాడు? కూర్చుంటాడు. లోపలివాళ్ళకు తిండి అయిపోయేదాకా, నీళ్ళు అయిపోయేదాకా కూర్చుంటాడు. అంటే యుద్ధం కత్తుల మీద కన్నా జొన్నల మీద, నీళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. లోయ శత్రువును ఆపుతుంది. ఆకలిని ఆపలేదు. అందుకే గాదె, అందుకే చెరువు. ఇది ఎవరో పుస్తకంలో చెప్తే ఒక వాక్యం. చెరువు చూసి, నడిచి వచ్చి, ఆ గాదె గోడ మీద చెయ్యి వేస్తే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నడక చేసే పని ఇదే. ఒక్కొక్క కట్టడాన్ని విడిగా కాక, ఒకదాని పక్కన ఒకటిగా చూపిస్తుంది.

1652 దగ్గరకు మళ్ళీ వస్తాను. ఆ ఏడాదే తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు మీర్ జుమ్లాను కలవడానికి గండికోట వచ్చాడు. తన ప్రయాణాల పుస్తకంలో ఆ దారి గురించి రాశాడు. కొండను తొలిచి వేసిన దారి. కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే. ఒక పక్క కొండ, ఇంకో పక్క భయంకరమైన లోతు, అడుగున నది. మీర్ జుమ్లా అక్కడ ఫిరంగులు పోత పోయించాలని చుట్టుపక్కల గుళ్ళ లోహ విగ్రహాలు తెప్పించాడనీ, గండికోట గుడి విగ్రహాలు మాత్రం ఎంత కాచినా కరగలేదనీ ఆయనే రాశాడు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు కావలసింది విగ్రహాల మహిమ కన్నా ఆ దారి సంగతి. ఆ దారిన వచ్చాడు కాబట్టే, కోట ఎంత దుర్గమమో తావెర్నియే లోపలికి రాకముందే గ్రహించాడు. ఈనాడు బస్సు మనల్ని తలుపు దగ్గర దింపేస్తుంది. సుఖమే. కాని దింపిన చోటు నుంచైనా నడవకపోతే ఆయనకు అర్థమైనది మనకు అర్థం కాదు.

ఇలాంటి ఊళ్ళు గండికోట ఒక్కటే కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలలో లోయ అంచున నిలిచిన పాత ఊళ్ళు చాలా ఉన్నాయి. స్పెయిన్‌లో రోండా అనే ఊరు చూడండి. ఊరి మధ్యలోనే లోతైన లోయ. లోయకు అటు పాత ఊరు, ఇటు కొత్త ఊరు. ఆ రెంటినీ కలుపుతూ 18వ శతాబ్దం చివర్లో పూర్తయిన రాతి వంతెన. అక్కడికి వచ్చినవాళ్ళు వంతెన మీద ఫొటో దిగుతారు, నిజమే. కాని లోయలోకి దిగే కాలిబాట ఉంది, పాత స్నానశాలల దాకా పోయే వీధి ఉంది. జనం నడుస్తారు. ఇటలీలో మతేరా అని ఇంకో ఊరు. అక్కడ ఒకప్పుడు లోయ గోడల్లో తొలిచిన గుహలే ఇళ్ళు. ఇక ఫ్రాన్సులో ఒక చక్కటి ఏర్పాటు ఉంది. తేలికైన చిన్న నడకలకు చెట్టు కాండం మీదో, రాయి మీదో చిన్న పసుపు గీత గీస్తారు. దూరపు నడకలకు ఎరుపు, తెలుపు గీతలు. ఆ గీతలు గీసేవాళ్ళలో ఎక్కువమంది నడక సంఘాల స్వచ్ఛంద సభ్యులు. పసుపు గీత పట్టుకుని పోతే చాలు. దారి తప్పరు, ఎవరినీ అడగనక్కర్లేదు. ఖర్చు ఎంత? ఒక రంగు డబ్బా, ఒక కుంచె, కొన్ని ఆదివారాలు.

ఇక్కడ మీరు అడ్డు చెప్పవచ్చు. అక్కడంటే చల్లటి దేశాలు, కడప ఎండలో నడవమంటే ఎలా అని. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేను. కడప ఎండ ఆషామాషీ కాదు. కాని ఒక మాట. రోండా ఉన్న దక్షిణ స్పెయిన్ కూడా వేసవిలో నిప్పుల కొలిమే. అక్కడివాళ్ళు మధ్యాహ్నం నడవరు. పొద్దున్నే నడుస్తారు, ఎండ తగ్గాక నడుస్తారు. మనం మాత్రం కారులో వెళ్తాం గనక పన్నెండు గంటలకు చేరతాం, ఎండకు బెదిరి ఫొటోతో సరిపెడతాం. తప్పు ఎండది కాదు, మనం చేరే వేళది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఆరున్నరకు ద్వారం దగ్గర ఉంటే ఎండ ముదిరేలోపు కోటంతా తిరిగి రావచ్చు. ముందురోజు రాత్రి అక్కడే పర్యాటక శాఖ వారి హరిత హోటల్లో గాని, జమ్మలమడుగులో గాని ఉండిపోవాలి. అంతే.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. మన ప్రాంతంలో కొండ మీది గూడేల నుంచి సంతకు నడిచి దిగేవాళ్ళున్నారు. చెరకు తోటల్లో పొద్దంతా కాళ్ళ మీద నిలబడేవాళ్ళున్నారు. నడక మాకు వినోదం ఏమిటి బాబూ, బస్సు లేక నడుస్తున్నాం అని వాళ్ళంటే ఏం జవాబు చెప్పాలి? వాళ్ళన్నది నిజమే అని ముందు ఒప్పుకోవాలి. తప్పనిసరై నడిచే నడక వేరు. చూడాలని నడిచే నడక వేరు. కాని చూడాలని నడిచే నడక మనకు కొత్త కాదు. సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంది కదా. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు లక్షలమంది సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. వారంతా పొద్దున లేచి పనికి పోయేవాళ్ళే. మరి ఎలా నడుస్తున్నారు? అది భక్తి, ఇది విహారం, రెంటికీ పోలికేమిటి అంటారేమో. భక్తే కావచ్చు. దానితో పాటు ఏర్పాటు కూడా ఉంది. దారి పొడవునా మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర. దారి చూపే దీపాలు. అలసిపోతే కూర్చోవడానికి చోటు. పక్కన నడిచే మనుషులు. ఆ ఏర్పాటులో నూరోవంతు గండికోటలో ఉంటే చాలు, జనం అంచు దాటి ఊళ్ళోకి నడుస్తారు. మనవాళ్ళు నడవరు అనే మాట నేను ఒప్పుకోను. నీడా, నీళ్ళూ, దారీ లేని చోట ఎవరూ నడవరు.

మూడో అభ్యంతరం, ప్రమాదం. లోయ అంచున రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి. కాలు జారితే అంతే సంగతులు. అలాంటి చోటికి పిల్లాపాపలతో నడిచి వెళ్ళమంటారా అని అడగవచ్చు. చిత్రం ఏమిటంటే, ఈ ప్రమాదాన్ని పెంచుతున్నది నడక కాదు. అందరినీ ఒకే చోటికి, అంచుకు, పంపిస్తున్న ఆ ఒక్క ఫొటోయే. చూడవలసిందంతా అంచునే ఉందని మనసులో పడితే, జనం అక్కడే కిక్కిరిసిపోతారు. ఒకడికన్నా ఇంకొకడు రెండడుగులు ముందుకు పోయి నిలబడతాడు. ఊరంతా చూడవలసిందే అని తెలిస్తే జనం సర్దుకుంటారు. గుడి దగ్గర కొందరు, గాదె దగ్గర కొందరు, చెరువు గట్టున కొందరు. అంచు దగ్గర నాలుగడుగుల దూరంలో కూర్చుని చూసినా లోయ తరిగిపోదు. పిల్లల చెయ్యి పట్టుకోండి. బండల మీద గెంతనివ్వకండి.

ఇక ప్రభుత్వం వైపు ఒక మాట. గండికోట అభివృద్ధికి 2024 చివర్లో కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే. పెద్ద పెద్ద హంగులు రావచ్చు. అవి వద్దని నేనను. కాని ఆ సొమ్ములో కొంచెం, చాలా కొంచెం, కాళ్ళ కోసం ఖర్చుపెట్టాలి. ద్వారం నుంచి అంచు దాకా చదునైన కాలిబాట. అక్కడక్కడా చెట్టు నీడ, కూర్చోవడానికి అరుగు, తాగేనీళ్ళు. పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాల మీద రంగు పూయకూడదు కాబట్టి, విడిగా పాతిన చిన్న రాళ్ళ మీద బాణం గుర్తులు, తెలుగులో నాలుగు మాటలు. ఆ బాట కోటలోని ఊరి వీధుల గుండానే పోవాలి, ఊరిని తప్పించుకుని పోకూడదు. ఎందుకంటే మతేరాలో ఏం జరిగిందో చూడండి. ఆ గుహల ఇళ్ళలో బతుకు దుర్భరంగా ఉందని 1950లలో ప్రభుత్వం జనాన్ని కొత్త ఇళ్ళకు తరలించింది. ఆ పాత ఊరు ఖాళీగా పడి ఉంది ఏళ్ళ తరబడి. 1993లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇవాళ ఆ గుహలు ఎన్నో హోటళ్ళయ్యాయి. ఊరు దక్కింది, బాగానే ఉంది. కాని అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ ఊరుగా దక్కిందా? గండికోట గోడల మధ్య మనుషులు ఇంకా ఉన్నారు. నడిచే జనం వాళ్ళ వాకిళ్ళ ముందు నుంచి పోతే, టీకొట్టు వాళ్ళది అవుతుంది, దారి చూపే కుర్రాడు వాళ్ళింటివాడు అవుతాడు. కారులో అంచుకు పోయి వచ్చేవాడి వల్ల ఆ ఊరికి మిగిలేది దుమ్మే.

ఇంతా చెప్పి, మనకు కడప దూరాభారం కదా అని మీరనవచ్చు. అనకాపల్లిలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కడపలోనే దిగవచ్చు. అక్కడి నుంచి బస్సులో జమ్మలమడుగు. అయినా దూరమే, ఒప్పుకుంటాను. అయితే దగ్గర్లోనే మొదలుపెట్టండి. అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. అక్కడ లోయ లేదు, నది లేదు. కాని నడిచి చూడవలసిన పాతచోటు అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపి బయటపెట్టిన బౌద్ధ క్షేత్రం అది. మెట్లెక్కితే కొండలో తొలిచిన గుహలు, లోపల స్తూపం, గోడల మీద బుద్ధుడి బొమ్మలు. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడ కూడుతారు, తీర్థం చేసుకుంటారు. వెళ్ళినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. కాని అక్కడ కూడా గండికోట జబ్బే. మొదటి కొండ ఎక్కుతారు, గుహ ముందు ఫొటో దిగుతారు, దిగిపోతారు. పక్కనే రెండో కొండ ఉంది, లింగాలకొండ. రాతిలోనే చెక్కిన చిన్న చిన్న స్తూపాలు వరసలు వరసలుగా కొండంతా పరుచుకుని ఉంటాయి. మొదటి కొండ గొప్పవాళ్ళు కట్టించిన విహారంలా ఉంటుంది. రెండో కొండ మీద ఎందరెందరో భక్తులు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు మొక్కులు చెల్లించుకున్నట్టు ఉంటుంది. ఆ రెండూ కలిపి చూస్తేనే ఆ చోటు పూర్తవుతుంది. ఒక కొండ నుంచి ఇంకో కొండకు నడవడానికి పట్టేది కాసేపే. ఆ కాసేపు నడవక సగం క్షేత్రం చూడకుండా వచ్చేస్తున్నాం.

కార్తీకంలో కల్యాణపులోవ వైపు వనభోజనాలకు వెళ్ళే కుటుంబాలకూ, బడిపిల్లలను విహారయాత్రకు తీసుకుపోయే మాస్టార్లకూ నా మనవి ఇది. ఈ చలికాలంలో ఒక ఆదివారం బొజ్జన్నకొండకు కేటాయించండి. పొద్దున్నే వెళ్ళండి. నీళ్ళ సీసా, తలకు తువ్వాలు, కాళ్ళకు గట్టి చెప్పులు ఉంటే చాలు. మొదటి కొండ దిగాక బస్సు కోసం తొందరపడకండి. పిల్లలను వెంటబెట్టుకుని లింగాలకొండ కూడా ఎక్కి రండి.